వరిచేనిని ప్రశ్నించు చదువు



సస్యశాస్త్రములలో పరిశోధన ప్రధానముగా గల ఎం.ఎస్సి. చదువును గూర్చి నేడు మాటలాడవలసినదిగా నన్ను కోరినారు. ఈ విషయము పట్టణవాసులకు, కళాశాలల వారికి సంబంధించినదే గాని మనకేల యని మీలో కొందరనుకొనవచ్చును. కాని వ్యవసాయ బి.ఎస్సి. నాలుగు సంవత్సరములు చదివి యింటికి వచ్చిన బాలబాలికలు మన పల్లెలలోను ఇపుడు కలరు. వారిలో ఒకడో ఒకతెయో ఒకనాడు భోజనముల వేళ, "నేనింకను రెండు సంవత్సరములు చదివెదను" అని చెప్పుట కలదు. ఆ రాత్రి ఆ యింట చర్చ జరుగును. మరునాటి యుదయమున తండ్రి వచ్చి మీ యరుగుమీద కూర్చుండి, "మీరేమందురు?" అని యడుగును. అపుడు మీరు చెప్పెడి మాటమీద ఒక బిడ్డ చదువు నిలుచుటయో, ఆగుటయో జరుగును. కాబట్టి ఆ చదువేమో మీరు తెలిసికొనుట యవసరము.

నేను శాస్త్రజ్ఞుడను కాను. గురువుల యొద్ద పంచకావ్యములు, కౌముది, తర్కసంగ్రహము చదువుకొని, ఉన్నత పాఠశాలలో పిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పి విరమించిన వాడను. నా మనుమరాలు ఈ చదువు చదివినది. ఆమె చదివిన రెండేండ్లును నేను ప్రక్కనుండి చూచితిని, గట్టుమీద నిలిచి ప్రశ్నలడిగితిని, ఆమె వ్రాసిన గ్రంథమును తెలుగులో చెప్పించుకొని వింటిని. ఆ పరిచయముతోనే మాటలాడుచున్నాను.

ముందుగా చదువు స్వరూపము. కాలము రెండు సంవత్సరములు. ప్రవేశమునకు పరీక్ష కలదు. ఆంధ్రప్రదేశములో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము, తెలంగాణమున 2014వ సంవత్సరమున వేరుపడిన ఆచార్య జయశంకర్ పేరిటి విశ్వవిద్యాలయము ఈ విద్య నేర్పుచున్నవి. బాపట్లలోని వ్యవసాయ కళాశాల 1945వ సంవత్సరము నాటిది. దూరము పోగలవారు ఢిల్లీలోని పూసా సంస్థకు పోవుదురు. ఢిల్లీలో నున్న సంస్థకు పూసా యను పేరెట్లు వచ్చినదని నేనొకప్పు డడిగితిని. 1905లో అది బీహారునందలి పూసా గ్రామమున వెలసినది. 1934లో గొప్ప భూకంపము వచ్చి కట్టడములు కూలగా, 1936లో ఢిల్లీకి తరలించిరి. ఊరు మారినను ఊరి పేరు వెంటవచ్చినది. మన యింటి పేర్ల వలెనే!

ఈ చదువులో శాఖలు పెక్కు. కొత్త వంగడములను పుట్టించు విద్య యొకటి, తెగుళ్ళను గూర్చినది యొకటి, విత్తనములను గూర్చినది యొకటి, మొక్క శరీరధర్మమును గూర్చినది వేరొకటి. ఏ శాఖయైనను మొదట కొంతకాలము తరగతులు, పరీక్షలు ఉండును. వాటినట్లుంచుడు, అవి మన మెరిగినవే. విశేషమంతయు రెండవ భాగమున నున్నది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి వారి ఏర్పాటు ననుసరించి మొత్తము చదువు 70 క్రెడిట్లుగా లెక్కింపబడగా, అందు 30 క్రెడిట్లు విద్యార్థి తానే చేసి వ్రాయవలసిన సిద్ధాంత గ్రంథమునకే కేటాయింపబడినవి. ఒక మార్గదర్శకుడుండును, ఆయనకు తోడుగా కొందరు ఆచార్యులు సలహా సంఘముగా నుందురు. కాని పని చేయవలసినది విద్యార్థియే.

నేను చదువుకొన్న విధము వేరు. గురువుగారు పాఠము చెప్పుదురు, మేము వల్లె వేయుదుము, మరునాడు అప్పజెప్పుదుము. మేమెంత చదివినను గురువుగారికి ముందుగా తెలిసినదే చదివితిమి. అది తక్కువ విద్య కాదు. కాని యీ ఎం.ఎస్సి. చదువులో విద్యార్థి చేపట్టెడి ప్రశ్నకు జవాబు గురువునకును తెలియదు. పుస్తకములలోను లేదు. తెలిసినదైనచో అది పరిశోధన కాదని త్రోసివేయుదురు. ఇరువదిరెండేండ్ల పిల్లను, "ఎవరికిని తెలియని యొక చిన్న సంగతిని నీవు తేల్చి రమ్ము" అని పంపుదురన్న మాట. ఈ భేదము తెలియనివారు, "ఇంకను రెండేండ్లు అవే పుస్తకములేనా?" అని యడుగుచుందురు.

చిన్న సంగతి యంటిని. అది నిజముగా చిన్నదే కావలయును. "వరి దిగుబడి పెంచెదను" అన్న ప్రశ్న పనికిరాదు; అది కోరిక గాని ప్రశ్న కాదు. నా మనుమరాలు తీసికొన్న ప్రశ్న యిది: కళాశాల వారి యొద్ద కొత్తగా కలిపి పుట్టించిన వరి వరుసలు ఇరువదిరెండు కలవు, వానిలో ఎండాకు తెగులునకు నిలుచునవి యెవ్వి? ఇంతే. ఈ తెగులు మీ రెరిగినదే. ఆకు కొననుండి అంచుల వెంబడి పసుపుపచ్చగా దిగివచ్చి, తుదకు గడ్డివలె ఎండిపోవును. ఇది సూక్ష్మజీవి వలన కలుగునది; గాలివానలో ఆకులు చీరుకొని పోగా ఆ గాయములగుండ చొరబడును. పట్టిన పిదప దీనికి నమ్మదగిన మందు లేదు. కాబట్టి తట్టుకొను వంగడమే గతి.

ఇక ఆమె చేసిన పని. మొక్కలు బాగుగా పిలకలు వేసిన దశలో, కత్తెరను ఆ సూక్ష్మజీవులు గల నీటిలో ముంచి, ఆకుల కొనలు రెండు మూడు సెంటీమీటర్ల మేరకు కత్తిరించుచు పోవలయును. ఆ నీటిలో ఒక్క మిల్లీలీటరునకు నూరు కోట్ల మేరకు జీవులుండును. పదునాలుగు దినముల పిమ్మట వచ్చి, ప్రతి యాకును స్కేలుతో కొలిచి, ఎంత పొడవున ఎండినదో వ్రాసికొనవలయును. మడికి అయిదు దుబ్బులు, దుబ్బునకు మూడాకులు, మడులు డెబ్బది రెండు. వెరసి వేయి యెనుబది యాకులు. ఒక్క పర్యాయమునకే!

ఈ సంగతి మా యూరిలో తెలిసినపుడు గొప్ప నవ్వులాట యైనది. మా ప్రక్క యింటి పెద్దకాపుగారు, "ఏమండీ పంతులుగారూ, తెగులు పోగొట్టెడి చదువనుకొంటిమి గాని, పచ్చని చేనికి చేతులార తెగులు తెప్పించెడి చదువటండీ?" అని యడిగిరి. ఆయన నవ్వినను ప్రశ్న మంచిది. తెగులు తనంతట తాను వచ్చువరకు వేచియుందమన్నచో, ఆ యేడు రాకపోవచ్చును; వచ్చినను చేని యొక మూల వచ్చి మరియొక మూల రాకపోవచ్చును. రాని మూలనున్న మొక్కను చూచి ఇది తెగులునకు నిలిచినదని చెప్పుట యెట్లు? అది నిలువలేదు, దానికి పరీక్షయే జరుగలేదు. అందరు పిల్లలకును ఒకటే ప్రశ్నపత్రము, ఒకే దినమున, ఇచ్చినగాని ఎవడు చదివినాడో తెలియదని బడిపంతులుగా నేనెరుగుదును. కత్తెర చేసినది ఆ పనియే.

ఇచట నా పాత తర్కశాస్త్రము నాకు చేయూతనిచ్చినది. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు మన తెలుగువాడని పెద్దలు చెప్పుకొందురు. ఆ చిన్న గ్రంథమున కారణనిర్ణయమునకు అన్వయము, వ్యతిరేకము అను రెండు కన్నులు చెప్పబడినవి. ఇది యున్నపుడు అది యుండుట అన్వయము. ఇది లేనపుడు అది లేకుండుట వ్యతిరేకము. మనము పొలములలో సామాన్యముగా మొదటి కంటితోనే చూతుము. "ఫలానా మందు చల్లితిని, పంట పండినది" అందుము. చల్లని మడి ప్రక్కనే యుంచి చూచితివా యన్నచో, "మడి పాడుచేసికొందునా?" అందుము. పరిశోధకుడు ఆ చల్లని మడిని తప్పక యుంచును. నా మనుమరాలి డెబ్బది రెండు మడులలో ఇరువదిరెండు వరుసలతో బాటు మరి రెండు రకములుండినవి. ఒకటి తైవాను దేశమునుండి వచ్చిన తైచుంగ్ నేటివ్ అను పాత రకము. ఈ తెగులు దానికి తప్పక పట్టును. రెండవది తెగులును తట్టుకొనునట్లు తీర్చిన మెరుగైన సాంబ మసూరి. మొదటిది ఎండకున్నచో కత్తెర నీటిలో బలము లేదని యర్థము. రెండవది పూర్తిగా ఎండినచో జీవుల జాతియే వేరైయుండవచ్చునని యర్థము. ఈ ఇద్దరు సాక్షులును సరిగా పలికినపుడే తక్కిన ఇరువదిరెండింటి మాటను నమ్మవలయును.

తర్కములో ఉపాధి యను మాట కలదు. నిప్పున్న చోటనెల్ల పొగయుండునని యొకడనును. కాని ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. పొగకు నిప్పొక్కటియే చాలదు. తడికట్టె కూడ కలియవలయును. ఆ కనబడని తడికట్టెయే ఉపాధి. మన పొలములలో తడికట్టెలెన్ని! కాలువ తూము దగ్గరి మడికి ఒండ్రు ఎక్కువ చేరును. చింతచెట్టు క్రింది మడికి నీడ. పాత దిబ్బ యుండిన చోట వేయకయే ఎరువు. మంచి వంగడమును తూము దగ్గర వేసి, చెడ్డదానిని చెట్టు నీడను వేసి, రెండును తూచి, ఇది మేలని చెప్పినచో, గెలిచినది వంగడమా తూమా? ఇందుకు ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అను పొలమునందు 1919 నుండి పనిచేసిన ఫిషర్ అను గణితవేత్త ఉపాయము చెప్పెను; 1935లో గ్రంథమును వ్రాసెను. ఉపాయము మన చీట్లపందెమే. పొలమును కొన్ని పట్టెలుగా చేసి, ఒక్కొక్క పట్టెలో ఏ వరుస ఏ మడికి పోవలయునో చీట్లు వేసి తేల్చవలయును. మనసున నున్న పక్షపాతమునకు అచట చోటుండదు. ఒకే వరుసను మూడు పట్టెలలో మూడుమార్లు వేయవలయును. ఒకచోట దైవికముగా బాగుండినను మూడుచోట్లను దైవము ఒకే విధముగా కలిసిరాదు. నా మనుమరాలు మా వసారాలో కూర్చుండి చీట్లు తీయుచుండగా మా యింటావిడ, "ఇదేమి చదువే తల్లీ, సంక్రాంతి ఆటవలె నున్నది" అన్నది.

ఇపుడు కాలమును గూర్చి చెప్పవలయును. ఈ చదువున కష్టమంతయు కాలముతోనే. రసాయన శాస్త్రము చదువు విద్యార్థి నేడు చెడిన పనిని రేపు మరల చేయగలడు. సస్యశాస్త్ర విద్యార్థికి ఊడ్పు తప్పినచో పైరు తప్పినట్లే. పైరు తప్పినచో ఆరు నెలలు తప్పినట్లే. తరగతులు పోగా రెండేండ్లలో దొరకునవి ఒక సార్వా, ఒక దాళ్వా. అంతకు మించి లేదు.

ఆస్ట్రియా దేశపు ఏలుబడిలో నుండిన బ్ర్నో పట్టణమున మెండెల్ అను సన్న్యాసి మఠపు పెరటిలో బఠాణీలు పెంచి, 1856 నుండి 1863 వరకు వంశలక్షణములను పరీక్షించిన సంగతి మీలో కొందరు వినియుందురు. నునుపు గింజల జాతిని ముడుతల గింజల జాతితో కలుపగా తొలితరమున అన్నియు నునుపే వచ్చెను. వాని సంతానమును లెక్కింపగా 7,324 గింజలలో నునుపువి 5,474, ముడుతలవి 1,850. అనగా నాలుగింట నొకటి చొప్పున దాగియున్న తాతగారి లక్షణము మరల బయటపడెనన్న మాట. ఇది యెల్లరును చెప్పుదురు. ఎక్కువమంది చెప్పనిది మరియొకటి కలదు. ఈ పని మొదలుపెట్టుటకు ముందు ఆయన విత్తనముల వర్తకుల యొద్ద 34 రకములు తెప్పించి, అవి తమ జాతిని తప్పక నిలుపుకొనునో లేదో యని రెండు సంవత్సరములు వట్టి పరీక్షలే చేసి, అందు 22 రకములను మాత్రము ఉంచుకొనెను. రెండు సంవత్సరములు! మన పిల్లల ఎం.ఎస్సి. చదువంతయు ఎంతయో ఆయనకు విత్తనము సరిచూచుటయే అంత. ఆయన వ్యాసము 1866లో అచ్చుపడెను. 1884లో ఆయన గతించెను. ఆ వ్యాసపు విలువ లోకము తెలిసికొన్నది 1900వ సంవత్సరమున.

రెండేండ్ల కాలము ఎంత చిన్నదో మీ రిపుడు గ్రహించితిరి గదా. ఈ చిన్న కాలములోనికే మన యిండ్ల పనులు వచ్చి అడ్డుపడుచుండును. మా యింట జరిగినది చెప్పుదును. ఆషాఢమున ఊడ్పులు ముగిసినవి. శ్రావణము చివరను ఆకులు కత్తిరించవలసియుండెను. ఇంతలో మంచి సంబంధము వచ్చినది. కుటుంబము గౌరవమైనది, అబ్బాయి యోగ్యుడు. వారు శ్రావణమాసమున ముహూర్తము కోరిరి; పెండ్లి కాగానే పిల్ల దూరప్రాంతమునకు పోవలయును. నా యల్లుడు నా దగ్గరకు వచ్చి కూర్చుండెను. "మామగారూ, పట్టము వచ్చిన తరువాత చేయును, రాకపోయినను చేయును, ఇల్లు చూచుకొనుటయే గదా" అనెను. ఆయన చెడ్డవాడు కాడు. ముగ్గురు బిడ్డల తండ్రి. నేనాయనతో, "మన చేను ఈనిక దశలో నున్నపుడు ఎవరైన వచ్చి, కోత కోసి మడి ఖాళీ చేసి యిమ్మన్నచో ఏమందువు?" అంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప వారికి మాఘమువరకు గడువడిగితిమి. వారు ఆగలేదు. ఆ సంబంధము తప్పిపోయినది. తప్పిపోయినందుకు మా యింట ఎవరికిని విచారము లేదని చెప్పజాలను. అది మంచి కుటుంబమే. అయినను గడువడుగుట న్యాయమేయని నేననాడును అంటిని, నేడును అందును.

ఆడపిల్లలకిది తగునా యని యడుగువారున్నారు. వారికి జానకి అమ్మాళ్ గారిని గూర్చి చెప్పుదును. ఆమె 1897లో కేరళమునందలి తలశ్శేరిలో జన్మించినది. అపుడది మనతో బాటు మద్రాసు రాజధానిలోనిదే. మద్రాసులో వృక్షశాస్త్రము చదివి, 1924లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమునకు పోయి, అచట మాస్టరు పట్టమును, 1931లో డాక్టరు పట్టమును పొందినది. కోయంబత్తూరులోని చెరకు పరిశోధనా కేంద్రమున చెరకు సంకరములమీద పనిచేసినది. డార్లింగ్‌టన్ అను ఆంగ్లేయునితో కలసి సాగుమొక్కల క్రోమోసోముల పట్టికను 1945లో ప్రకటించినది. 1977లో పద్మశ్రీ పొందినది. ఆమె తొలిసారి ఓడయెక్కు నాటికి మన పల్లెలలో ఆడపిల్ల అక్షరములు దిద్దుటయే వింత.

నా మనుమరాలి ఫలితము. సార్వాలో మూడు వరుసలు చక్కగా నిలిచినవి. ఎండిన మచ్చ మూడు నాలుగు సెంటీమీటర్లు దాటలేదు. తైచుంగు ఆకులు సగమునకు పైగా ఎండినవి. ఆమె ఆనందమునకు మేరలేదు. దాళ్వాలో అవే మూడింటిని మరియొక ప్రాంతము నుండి తెచ్చిన సూక్ష్మజీవులతో పరీక్షింపగా రెండు కూలిపోయినవి. జీవులలోను జాతులు వేరు వేరు. ఒకదానికి నిలిచిన మొక్క వేరొకదానికి నిలువకపోవచ్చును. నిలిచినది ఒక్కటి. దానిని గూర్చియు ఆమె వ్రాసినది, "మరికొన్ని చోట్ల, మరికొన్ని పైరులలో పరీక్షింపదగినది" అని మాత్రమే.

"రెండేండ్లకు ఒక్కటా? అదియు ఇంకను తేలలేదా?" అని పెద్దకాపుగారే మరల అడిగిరి. ఇరువదియొకటి పనికిరావని తేలినది గదా యంటిని. ఆ ఇరువదియొకటిని ఎవరును తెగులునకు నిలుచు విత్తనమని నమ్మి పొలములకు పంపరు. సార్వా పైరుతోనే ఆపివేసియుండినచో మూడింటిని మంచివని పంపియుందురు. అందు రెండు మీ చేలలో ఎండియుండెడివి. ఆయన తల యూపిరి. ఒప్పుకొనిరో లేదో నాకు తెలియదు.

ఈ గ్రంథమును వేరొక విశ్వవిద్యాలయపు పరీక్షకులు చదివి ప్రశ్నింతురు. అపుడు వారు చూచునది గొప్ప ఫలితము వచ్చినదా యని కాదు. అడిగిన ప్రశ్నకు జవాబు నిజాయితీగా వచ్చినదా యని. కాదన్న జవాబునకు కూడ పట్టమిత్తురు. ఈ మాట నాకు మిక్కిలి నచ్చినది. కాని అన్ని చోట్లను ఇట్లే జరుగుచున్నదని నేను చెప్పను. అంకెలను తీర్చిదిద్దువారు, ఇతరుల వాక్యములను ఎత్తివ్రాయువారు, డబ్బిచ్చి వ్రాయించుకొనువారు కలరు. ఎత్తివ్రాసినవానిని పట్టుకొనుటకు ఇపుడు కంప్యూటరులు వచ్చినవి. అంకెలు దిద్దినవానిని పట్టుట అంత సులభము కాదు. అది యింటి పెంపకములో నున్నది. "ఏమి కనిపెట్టితివి? ఏమి కనిపెట్టితివి?" అని మనము వేధించుకొలదిని పిల్లకు అంకె దిద్దవలెనన్న బుద్ధి పుట్టును. "నీవేమి యడిగితివి? దేనితో పోల్చితివి?" అని యడిగి చూడుడు. బిడ్డ ముఖము ఎట్లు వికసించునో మీరే చూతురు.

ఉద్యోగము మాట దాచను. ఈ పట్టము చేతికి రాగానే ఉద్యోగము వచ్చి యింటిముందు నిలువదు. వ్యవసాయాధికారి పనికి బి.ఎస్సి. చదువే చాలును. ఎం.ఎస్సి. పైమెట్టునకు, అనగా డాక్టరు పట్టమునకు, అటుపై పరిశోధన కేంద్రములకు, కళాశాలలకు దారి. విత్తనముల కంపెనీలలోను కొందరికి పనులు దొరకుచున్నవి. పైన చదువవలెనను కోర్కె లేని పిల్లవానిని, ఇంకేమియు తోచక, ఊరక రెండేండ్లు కాలక్షేపమునకు పంపవద్దు. వానికిని నష్టము; వాడు నింపిన స్థానము దొరకక పోయిన వానికిని నష్టము.

ఇక ఊరికేమి వచ్చును? మన డెల్టా రైతులందరు నెరిగిన స్వర్ణ రకము, ఎం.టి.యు. 7029, మార్టేరు కేంద్రమున 1982లో విడుదలయైనది. మంచి పంట, కాని వరద ముంచినచో నశించును. మునిగిన వరి సామాన్యముగా ఊపిరికై నీటి పైకి రావలెనని తొందరగా పొడవు సాగును. సాగుటలో దాచుకొన్న బలమంతయు వ్యయమై, నీరు తీసినపుడు చతికిలపడును. ఒడిశా దేశపు పాత నాటురకమునుండి యేరిన ఎఫ్.ఆర్. 13 ఏ అను వరి యట్లు చేయదు. మునిగినపుడు కదలక మెదలక బలము కూడబెట్టుకొని, రెండు వారముల వరకు ఓర్చి, నీరు తీసిన తరువాత మరల చిగుర్చును. ఆ గుణము మొక్కలో ఏ తావున నున్నదో వెదకినవారిలో కెనాంగ్ షూ యను చైనా యువకుడొకడు. అపుడతడు అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మాకిల్ అను ఆచార్యుని యొద్ద విద్యార్థి. గురుశిష్యులిరువురు ఆ తావును 1996లో ప్రకటించిరి. పది సంవత్సరములకు, 2006లో, ఆ జన్యువేదో తేలినది. ఆ గుణమును స్వర్ణలోనికి తెచ్చిన స్వర్ణ సబ్-1 రకము మన దేశమున 2009లో విడుదలయైనది. ఒడిశా రైతు తాతల నాటినుండి నిలుపుకొన్న విత్తనము, ఎక్కడనో ఒక విద్యార్థి కొలతలు, మార్టేరు వంగడము, ఇవన్నియు కలసి ఒకచోటికి వచ్చుటకు పదుమూడేండ్లు పట్టినది.

బాపట్లలో పుట్టి 1986లో విడుదలయైన సాంబ మసూరి, మీరు బి.పి.టి. యందురు గదా, దాని కథయు నిట్టిదే. అన్నమునకు దానిని మించినది లేదు. ఎండాకు తెగులునకు మాత్రము తాళలేదు. హైదరాబాదులోని రెండు కేంద్ర సంస్థలవారు మూడు జన్యువులను దానిలోనికి తెచ్చి 2008లో మెరుగైన రకమును విడుదల చేసిరి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరినుండి వచ్చినది. గింజ తీరు, రుచి మారకుండ, మరల మరల సాంబ మసూరితోనే కలుపుచు, తరతరమున జన్యువు వచ్చినదో లేదో ప్రయోగశాలలో సరిచూచుకొనుచు చేసిరి. నా మనుమరాలి మడులలో నిలిచిన రెండవ సాక్షి యిదియే.

మీనుండి కావలసినవి కొన్ని కలవు. ఇట్టి విద్యార్థులు పుస్తకము చేతబట్టుకొని మీ యొద్దకు వచ్చి, పాత విత్తనముల పేర్లు, ఏ యేట ఏ తెగులు వచ్చినది, ఏ మడి ముందుగా ఎండును అని యడుగుదురు. వారిని సంతోషపెట్టవలెనని జవాబు చెప్పకుడు. తెలిసినది తెలిసినంత, జ్ఞాపకము లేనిది లేదనియు చెప్పుడు. మా యూరి యొక వృద్ధ రైతు, "ఆ మూల మడిలో ముందుగా వచ్చునమ్మా, గాలి అటునుండి కొట్టును" అని చెప్పిన మాట నా మనుమరాలి పుస్తకములో వ్రాయబడియున్నది.

పొలము నడుగుటకు వచ్చినచో, ఇచ్చుటకు వీలుగలవారు అయిదు సెంట్లయినను ఇండు; కౌలు ముందుగా మాటలాడుకొని కాగితము మీద వ్రాసికొనుడు. తెగులు తెప్పించు పని ఊరి చేలలో చేయరు. దానికి కళాశాల పొలములే కలవు. మీ యొద్ద చేయునది దిగుబడి కొలతలు మాత్రమే. మడులలో చిన్న చిన్న చెక్క ముక్కలమీద అంకెలు వ్రాసి పాతియుందురు. పశువుల కాపరులకు చెప్పి వానిని పెరుకనీయకుడు. ఒక ముక్క పోయినచో ఆ మడి యెవరిదో చీటీ తీసినవారికి తప్ప వేరొకరికి తెలియదు. కోత నాడు ఆ మడులను వేరుగా కోసి, వేరుగా కట్టి, ఆ పిల్ల వచ్చి తూచువరకు కుప్పలో కలుపకుడు.